మూడో పూత

"కళ్ళు మూసుకోనక్కర్లేదు మాస్టారూ," అంది నళిని. "ఈ కుర్చీలో కూర్చున్న ప్రతివాళ్ళూ మూసేసుకుంటారు, పన్ను పీకించుకోవడానికి వచ్చినట్టు."

సన్యాసిరావు మాస్టారు కళ్ళు తెరిచారు. ఎదురుగా కిటికీ, కిటికీలో భీమిలి సముద్రం. తల మీద తీగలు కుట్టిన గుడ్డ టోపీ. కాగితాల మీద దానికి పెద్ద పేరేదో ఉంది గాని, కొండ మీద ఆ ప్రయోగశాలలో అందరూ టోపీ అనే అంటారు. టోపీ వెనకాల ఉన్న యంత్రానికి మాత్రం పేరు పెట్టింది మాస్టారి కూతురు హైమ. సేతువు అని పెట్టింది. ఒక మనిషి ఒక మాట అన్నప్పుడు ఆ మనిషి తలలో లేచే అర్థాన్ని పట్టుకుని, ఆ భాష బొత్తిగా తెలియని ఇంకో మనిషి తలలో లేపడం దాని పని.

సేతువు ఉంది. హైమ లేదు. కిందటి వర్షాకాలం జ్వరంతో ఆసుపత్రికి వెళ్ళింది, తిరిగి రాలేదు. మొదలుపెట్టిన పని ఆగకూడదని, ప్రయోగానికి మనుషులు కావాలంటే తానే వస్తానని మాస్టారు కబురు చేశారు. హైమతో కలిసి చదివి, కలిసి పనిచేసిన నళిని ఆ కబురు విని కాగితాల్లో మొదటి పేరు ఆయనదే రాసింది.

గోడ మీది తెరలో ఐస్‌లాండ్ నుంచి రాగ్నా అనే నడివయసావిడ నవ్వుతూ చెయ్యి ఊపింది.

"ఆవిడ ఒక మాట అంటుంది," అంది నళిని. "మీకు బాగా తెలిసిన మాటలాగే వినపడుతుంది. మీరు బుర్ర పెట్టి ఆలోచించకండి. ఏం తోస్తే అది చెప్పండి."

యంత్రం నడిపే అప్పలరాజు ఒక మీట నొక్కాడు.

"అమ్మ," అంది రాగ్నా.

మాస్టారికి తన తల్లి గుర్తుకు రాలేదు. ఆయన ఉన్నట్టుండి చాలా పొట్టివాడైపోయారు. ఎవరిదో మోకాలి దగ్గర నిలబడి పైకి చూస్తున్నారు. తడిసిన ఉన్ని వాసన. ఎక్కడో చేపలు ఎండుతున్నాయి. పైనించి ఒక ముడతలు పడ్డ చెయ్యి దిగి ఆయన చెవిని వెచ్చగా కప్పింది.

"ముసలావిడ," అన్నారు మాస్టారు. తర్వాతి మాటకోసం కొంచెం వెతుక్కున్నారు. "అమ్మ కాదు. అమ్మకి అమ్మో, నాన్నకి అమ్మో."

నళిని చప్పట్లు కొట్టబోయి మానేసింది. "వాళ్ళ భాషలో అమ్మ అంటే అమ్మమ్మా అవుతుంది, నాయనమ్మా అవుతుంది మాస్టారూ."

ఇలాంటి మాటలన్నీ ఏరి పెట్టింది హైమే. రూపం ఒకటే అయి అర్థం వేరైన మాటలైతేనే, ఇవతలికి దాటింది శబ్దమా అర్థమా అన్నది తేలుతుందని ఆమె వాదం. స్వీడన్ వాళ్ళ నోట 'అమ్మ' అంటే బిడ్డకు పాలు పట్టడం. జర్మన్ల నోట 'అమ్మె' అంటే పాలిచ్చి పెంచే దాది. 'గిఫ్ట్' ఇంగ్లీషులో బహుమతి, జర్మన్‌లో విషం, స్వీడన్‌లో పెళ్ళయిన మనిషి, అని నళిని చెప్పుకొచ్చింది.

"మూడూ ఒకటే కదేటండి," అన్నాడు అప్పలరాజు మాస్టారి తల మీది టోపీ తీస్తూ. "మా ఇంటిదాన్నడగండి, కాదంటాదేమో సూద్దాం."

మాస్టారు నవ్వారు. నవ్వి చాలా కాలమైందని ఆయనకు ఆ తర్వాత తోచింది.

"ఇప్పుడు మీరనండి," అంది నళిని. "మామూలుగా, మీ మాటగా."

"అమ్మ," అన్నారు మాస్టారు. ముక్కుకు మళ్ళీ తడి ఉన్ని తగిలింది. ఆయన నళిని వైపు చూశారు.

"పూత," అంది ఆమె. "మేమలా అంటాం. వచ్చిన అర్థం మీ అర్థం మీద పల్చగా పడుతుంది. ఒక పూత రేపు పొద్దుటికి పోతుంది. రెండు వేస్తే నాలుగైదు రోజులుంటుంది."

"మూడు వేస్తే?"

నళిని టోపీ తీగలు సర్దింది. "మూడు వెయ్యం. పరాయి దేశంలో ఒకచోట తెలియక వేశారు. జర్మన్ పెద్దాయన, ఎనభై దాటినాయన. చిన్నప్పుడు ఆయన్ని పెంచింది దాది. ఆయనకి స్వీడన్ ఆవిడ మాట మూడు పూతలు పడింది. దాది పేరు ఆయనకి గుర్తుంది, ముఖం గుర్తుంది. ఆ మాట అంటే మాత్రం ఆవిడ రాదు. ఎవరిదో పసిబిడ్డ బరువు చేతుల్లోకి వస్తుంది. ఎంత కడిగినా పోలేదు."

"ఇచ్చినావిడకి?"

"ఇచ్చినవాళ్ళకేం పోదు మాస్టారూ. పుచ్చుకున్నవాళ్ళకే."

*

సాయంత్రం ఇంటి గేటు తీస్తూ మాస్టారు అలవాటుగా పిలిచారు. "అమ్మా, తలుపు!"

ముప్పై ఏళ్ళ అలవాటు అది. హైమ నడక నేర్చిన నాటినుంచీ ఆయన ఆ గేటు దగ్గర అలాగే పిలిచేవారు. ఆమె పరుగెత్తుకొచ్చేది. పెద్దదై ఉద్యోగంలో చేరాక పరుగు మానేసి, "ఆఁ, వస్తున్నా నాన్నా, ఊరంతా వినపడింది" అనేది. ఆయనా, భార్య వరహాలమ్మా కూడా ఆమెను పేరు పెట్టి పిలిచింది లేదు. హైమవతి అన్నది బడిలో హాజరుకు, బ్యాంకులో సంతకానికి.

ఇవాళ ఆ పిలుపుతో హైమ రాలేదు. తడి ఉన్ని, ముడతల చెయ్యి వచ్చాయి. మాస్టారు గేటు కొక్కెం పట్టుకుని అలాగే నిలబడిపోయారు.

వరహాలమ్మ తలుపు తీసింది. "ఎన్నిసార్లు చెప్పాలండీ అలా పిలవొద్దని? పలికేవాళ్ళేరీ?" అని, ఆయన ముఖం చూసి గొంతు తగ్గించింది. "ఏటయింది? అలా ఉన్నారేటి?"

"ఏం లేదు. ఎండ."

మర్నాడు తెల్లవారగానే ఆయన పెరట్లోకి వెళ్ళి, ఎవరికీ వినపడకుండా ఆ మాట అని చూసుకున్నారు. ఉన్ని పోయింది. రెండు జడలు, ఒక జడకు రిబ్బను ఊడిపోయి, స్కూలు సంచి నేల మీద ఈడుస్తూ హైమ వచ్చింది. మాస్టారు బావిగట్టు మీద కూర్చుని కళ్ళద్దాలు తుడుచుకున్నారు.

*

ఆదివారం నళిని తాటిముంజెలు పట్టుకుని ఇంటికి వచ్చింది. వరహాలమ్మ వంటింటి గుమ్మంలో కూర్చుని వాటి పొర తీస్తోంది. మాస్టారు పక్కనే పరీక్ష పేపర్లు దిద్దుకుంటున్నారు.

"పిన్నీ, ఒక మాట చెప్పాలి. చెప్పకుండా ఉండిపోదామా అని కూడా అనుకున్నాను."

"పెళ్ళేటి?"

"కాదు." నళిని నవ్వబోయింది, రాలేదు. "హైమ మాటలు సేతువులో ఉన్నాయి. మొదట్లో మేమే ఒకరి తర్వాత ఒకరం టోపీ పెట్టుకుని నమూనాలు ఇచ్చుకున్నాం. గొంతు కాదు పిన్నీ, గొంతు మీ ఫోన్లలో ఉంది. అర్థాలు. ఒక మాట అంటే హైమ లోపల ఏం లేచేదో అది."

మాస్టారి ఎర్ర కలం ఆగింది. "ఏ మాటలు?"

"నీళ్ళు, ఇల్లు, ఆకలి, రోడ్డు... నాన్న. అమ్మ." నళిని ముంజెల బుట్టవైపు చూస్తూ చెప్పింది. "చనిపోయినవాళ్ళ నమూనాలు ఉంచకూడదని పైవాళ్ళు తేల్చారు. శుక్రవారం సాయంత్రం చెరిపేస్తారు. ఈలోపు ఇంటివాళ్ళెవరైనా పుచ్చుకుంటామంటే ఒక్కసారికి ఒప్పుకున్నారు. ఏదో ఒక మాట, ఒకరికి."

వరహాలమ్మ చేతిలో ముంజె చితికి నీళ్ళు మోచేతిదాకా కారాయి. "అమ్మ అంటే దానికి ఎలా ఉండేదో నాకు తెలుస్తాదా?"

"తెలియడమే కాదు. మూడు పూతలు వేస్తే మీ దగ్గరే ఉండిపోతుంది."

"పూతంటే పైన పడేది కదా," అన్నారు మాస్టారు. "కింద ఉన్నదేమౌతుంది?"

"అది పరాయి భాషల మధ్య మాస్టారూ. తెలుగునుంచి తెలుగుకి చేసి చూశాం. నీళ్ళు, ఇల్లు, అన్నం. ఎవరికీ ఏమీ పోలేదు. పచ్చ గోడ మీద పచ్చ రంగు వేసినట్టే."

మాస్టారికి అది సరిగ్గానే తోచింది. ఒక భాషలో పుట్టి పెరిగిన ఇద్దరికి ఒక మాట ఒకటే. ఆయన జీవితమంతా ఆ నమ్మకం మీదే పాఠాలు చెప్పారు.

నళిని వెళ్ళాక వరహాలమ్మ చేతులు కడుక్కోకుండా అలాగే కూర్చుంది. హైమ ఆ గుమ్మంలోనే కూర్చుని, పాత కాలపు గోతులనే జర్మను జాతివాళ్ళు తండ్రిని 'అత్త' అనేవారని ఒకసారి చెప్పింది. "అలాగైతే మీ నాన్న గోతులవాడే. మా అత్తగారు పోయినా ఆవిడ సాధింపంతా ఈయన్లో ఉండిపోనాది," అంది అప్పుడు వరహాలమ్మ. ముగ్గురూ పడిపడి నవ్వారు. అలాంటి ఇల్లు. ఇప్పుడు గోడ గడియారం చప్పుడు వంటింట్లోకి వినపడుతోంది.

"మీరు ఒప్పుకోండి," అంది ఆమె.

"నాకెందుకో బెదురుగా ఉంది."

"నాకు లేదేటి బెదురు? ఆరోజు ఆసుపత్రిలో మనల్ని అద్దం తలుపుకి ఇవతల కూచోబెట్టీసారు. లోపల అది పిలిచే ఉంటాది. చిన్నప్పట్నుంచీ జ్వరమొస్తే అమ్మా అమ్మా అని కలవరించడమే కదా దాని పని. నేను పలకలేదు."

"పలకలేదు కాదు," అన్నారు మాస్టారు. "వినపడలేదు."

"మీ సవరణలు బళ్ళో చెయ్యండి," అంది వరహాలమ్మ. కోపంగా కాదు, అలసటగా. "పలకలేదు. పలకని అమ్మే దానికి ఆఖర్న మిగిలిందేమో. దానికి నేనేటో నాకు తెలియాలి. తెలియకపోతే నిద్ర రాదు నాకు, చచ్చేదాకా."

ఆయన ఎర్ర కలానికి మూత పెట్టారు. శుక్రవారానికి సెలవు చీటీ రాశారు.

*

శుక్రవారం మధ్యాహ్నం సముద్రం మీద మబ్బు కమ్మింది. వరహాలమ్మ టోపీ కోసం జడ విప్పి ముడి వేసుకుంది. కుర్చీలో కూర్చుని, అడక్కుండానే కళ్ళు మూసుకుంది.

"ఒక్కో పూతకీ మధ్య కొంచెం విరామం," అంది నళిని. "వద్దనిపిస్తే చెయ్యెత్తండి పిన్నీ. వెంటనే ఆపేస్తాం."

అప్పలరాజు మీట నొక్కాడు. ఎవరి గొంతూ వినపడలేదు. యంత్రం సన్నగా మూలిగింది, అంతే. మాస్టారు భార్య ముఖాన్నే చూస్తున్నారు. ముందు నుదురు ముడిపడింది. తర్వాత పెదవులు కొద్దిగా తెరుచుకున్నాయి. తర్వాత ఆ ముఖంలోంచి, వర్షాకాలంనుంచీ అక్కడ పాతుకుపోయినదేదో నెమ్మదిగా కదిలి వెళ్ళిపోవడం ఆయన చూశారు.

"నన్ను కిందనించి చూస్తోందండీ," అంది వరహాలమ్మ కళ్ళు తెరవకుండా. "గుమ్మంలో ఉన్నాను. చేతికి పిండి. కాళ్ళు కడుక్కుని రా అంటున్నాను. ఆ మాట విసుక్కుంటూ అనేదాన్ని కదండీ నేను. రోజూ. దానికది విసుగులా లేదండీ."

"మరెలా ఉంది పిన్నీ?" అంది నళిని మెల్లగా.

"ఇల్లొచ్చీసినట్టు ఉంది."

రెండో పూత వేశారు. ఈసారి వరహాలమ్మ ఏమీ చెప్పలేదు. కన్నీళ్ళు చెంపల మీదుగా మెడ మీదికి కారుతుంటే తుడుచుకోకుండా, చిన్నగా నవ్వుతూ ఉండిపోయింది. నళిని కిటికీ వైపు తిరిగి నిలబడింది.

అప్పుడు అప్పలరాజు ఫోను మోగింది. నళిని కసురుకోబోయింది. "పాప మేడమ్, ఒళ్ళు బాగోలేదు పొద్దున్నించి," అని అతను ఓ మూలకు వెళ్ళి గొంతు తగ్గించాడు. "ఏటమ్మా... ఏడకమ్మా... మందు మింగీసేవా? వచ్చేత్తన్నాను కదమ్మా."

"ఆఁ!" అంది వరహాలమ్మ. కళ్ళు తెరిచి, కుర్చీలోంచి సగం లేచి అటు తిరిగింది. "ఏం నాన్నా, పిలిచావా?"

అప్పలరాజు నాలుక్కరుచుకున్నాడు. "మిమ్మల్ని కాదండి, మా గుంటనండి." నళిని నవ్వింది. వరహాలమ్మ కూడా సిగ్గుపడి నవ్వి, తిరిగి కూర్చుంది.

మాస్టారు నవ్వలేదు. గేటు కొక్కెం పట్టుకుని నిలబడిపోయిన సాయంత్రం గుర్తుకొచ్చింది. ఈ గదిలో నలుగురూ తెలుగువాళ్ళే. ఒక తండ్రి తన పసిపిల్లను పట్టుకుని ఏటమ్మా అన్నాడు. అందులో వింత ఎవరికీ కనపడలేదు.

"వరాలూ," అన్నారాయన. "హైమని నువ్వు ఎలా పిలిచేదానివి? ఒకసారి పిలువు."

"ఇప్పుడేటండీ?"

"పిలువు."

ఆమె అలవాటైన గొంతుతో, పెరటివైపు కేకేస్తున్నట్టు తల ఎత్తింది. "అమ్మా..." అని ఆగిపోయింది. మళ్ళీ అంది. ఈసారి నెమ్మదిగా, నాలుక మీద పెట్టుకుని చూస్తున్నట్టు. నవ్వు చెరిగిపోయింది.

"ఇదేటండీ. రావట్లేదు. నన్ను నేనే పిలుచుకున్నట్టుంది."

"పచ్చ మీద పచ్చ కాదు నళినీ," అన్నారు మాస్టారు. ఒక్కొక్క మాటా ఎంచుకుని, తరగతిలో వెనక బెంచీకి వినపడేటట్టు చెప్పారు. "హైమ అమ్మ అంటే వరాలు. వరాలు అమ్మ అంటే హైమ. నేనన్నా హైమే. మాట ఒకటే. మా ఇంట్లో అది ఒకవైపు వెళ్ళేటప్పుడు ఒకరు, తిరిగొచ్చేటప్పుడు ఇంకొకరు."

నళిని ముఖం పాలిపోయింది. "మా అమ్మ కూడా నన్ను అమ్మా అనే పిలుస్తుంది," అంది. "ఇవాళ పొద్దున కూడా అంది, టిఫిన్ తినమ్మా అని. ఐస్‌లాండ్‌లో ఏమిటి, జర్మనీలో ఏమిటి అని ఏళ్ళ తరబడి పట్టికలు వేశాం. ఇది మాలో ఒక్కరికీ తట్టలేదు మాస్టారూ. హైమకి కూడా."

"రోజూ వినేది కదా," అన్నారు మాస్టారు.

యంత్రం దగ్గరికి తిరిగొచ్చిన అప్పలరాజు చెయ్యి మీటమీదనించి తీసేసి జేబులో పెట్టుకున్నాడు.

"ఇప్పుడు ఆపేస్తే నాలుగైదు రోజుల్లో పోతుంది పిన్నీ," అంది నళిని కుర్చీ పక్కన మోకాళ్ళ మీద కూర్చుని. "మీ మాట మీకు వచ్చేస్తుంది. హైమది మాత్రం సాయంత్రం చెరిపేస్తారు, ఇక దొరకదు. మూడోది వేస్తే అది ఉంటుంది. మీరు దాన్ని పిలిచే పిలుపు... పోతుంది. హైమ గుర్తుంటుంది, అంతా గుర్తుంటుంది. ఆ మాటతో మాత్రం రాదు."

"ఎప్పటికీనా?"

"ఎప్పటికీ."

వరహాలమ్మ రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని వాటినే చూసుకుంది. కిటికీ అద్దం మీద మొదటి చినుకులు పడ్డాయి.

"రేపట్నించి దాన్నెలా తలుచుకోను?" అంది ఎవరితోనూ కాకుండా. "హైమా, హైమా అంటానేటి? పక్కింటిదాన్ని పిలిచినట్టు."

"ఆపేద్దాం," అన్నారు మాస్టారు. "చూశావుగా. విసుగులా లేదని తెలిసిందిగా. తెలిసింది చాలు."

"తెలిసింది పోతాదండీ. నాలుగైదు రోజులు పోతే, తెలిసిందని గుర్తుంటాది గాని తెలియదు. మళ్ళీ ఆ అద్దం తలుపు దగ్గరికే వెళ్ళి కూచుంటాను, నాకు తెలుసు." ఆమె తలెత్తింది. "నేను పిలిచిన పిలుపులు దానికి చేరిపోయాయండీ. ముప్పై ఏళ్ళు పిలిచాను, అన్నిటికీ పలికింది. అది పిలిచింది ఒక్కటి నా దగ్గరికి రాలేదు. ఆ ఒక్కటీ ఇప్పుడొచ్చింది. వెనక్కి పంపించీమంటారా?"

మాస్టారు అడిగారు, "మరి దాన్నెవరు పిలుస్తారు వరాలూ?"

"మీరున్నారు కదా."

ఆమె చాలా మామూలుగా అంది, పాలవాడు వస్తే మీరు చూసుకోండి అన్నట్టు. తర్వాత కళ్ళు మూసుకుని కుర్చీకి తల ఆనించింది.

నళిని లేచి నిలబడింది. "మీరు వద్దంటే నేను వెయ్యను మాస్టారూ. సంతకం పిన్నిదే, కానీ మీరు వద్దంటే నా చేత కాదు."

చినుకు పెద్దదైంది. సముద్రం కనపడటం మానేసింది. మాస్టారు భార్య ముఖం వైపు చూశారు. తీరని లెక్క వదిలిపెట్టి నిద్రలోకి జారే పిల్లల ముఖంలా, అందులో ఎక్కడా బిగువు లేదు. ఎనిమిది నెలలుగా పక్క మీద అటూ ఇటూ దొర్లే మనిషి ఆమె.

"వెయ్యమ్మా," అన్నారు నళినితో.

ఆ మాట ఆయన నోట్లోంచి వెళ్తూండగా రెండు జడలు, ఊడిన రిబ్బను, నేల మీద ఈడుస్తున్న సంచితో హైమ వచ్చింది. ఉన్నదున్నట్టు వచ్చింది. ఆయన కుర్చీ వెనక ఉన్న ఇనపకడ్డీ గట్టిగా పట్టుకున్నారు. అప్పలరాజు జేబులోంచి చెయ్యి తీసి మీట నొక్కాడు.

*

ఆ రాత్రినుంచీ వరహాలమ్మ నిద్రపోయింది. పొద్దెక్కినా లేవకపోతే మాస్టారే పాలు కాచుకుని, చప్పుడు కాకుండా గిన్నెలు పెట్టేవారు. ఆమె లేచి, "అయ్యో, లేపొచ్చు కదేటండీ," అనేది. అన్నం తినడం మొదలుపెట్టింది. పెరట్లో ఎండిపోయిన కనకాంబరం మడి తవ్వి మళ్ళీ నారు పోసింది.

పటానికి పువ్వు పెట్టేటప్పుడు మాత్రం మాస్టారు అక్కడ ఉండలేకపోయేవారు. "హైమా," అనేది ఆమె పటంతో. మర్యాదగా, కొత్తగా పరిచయమైన అమ్మాయితో మాట్లాడుతున్నట్టు. ఒకరోజు చుట్టపుచూపుగా వచ్చిన ఆమె చెల్లెలు అది విని, "ఇదేటి బావగారూ, అక్క దాన్ని పేరు పెట్టి పిలుస్తోంది?" అని ఆశ్చర్యపోయింది. మాస్టారు చొక్కా గుండీలు పెట్టుకుంటూ, బడికి వేళయిందన్నారు.

కూతురి కబుర్లు చెప్పుకునేటప్పుడు ఆమె అన్నీ సరిగ్గానే చెప్పేది. ఏ ఏడు ఏ గౌను కుట్టించిందో, ఏ పరీక్షకు ముందు వాంతి చేసుకుందో. చెప్పి చెప్పి, పెరటివైపు తలెత్తి కేకెయ్యబోయినట్టు నోరు తెరిచి, ఏమీ లేక మూసుకునేది. అది చూసినప్పుడల్లా మాస్టారికి ఆరోజు తాను అన్న ఒక్క మాట గొంతులో గుచ్చుకునేది. వద్దనవలసింది కదా అనుకునేవారు. అనుకుంటూనే, ఆమె హాయిగా నిద్రపోయే చప్పుడు వినేవారు.

గేటు దగ్గర ఆయన పిలవడం మానేశారు. కొక్కెం చప్పుడు కాకుండా తీసి, లోపలికి వచ్చి, తలుపు తట్టేవారు. మీరున్నారు కదా అని ఆమె అప్పగించిన పని అది. కానీ ఆ పిలుపుకు ఆమెలో ఇప్పుడు ఏం లేస్తుందో ఆయనకు తెలియదు. తెలుసుకోవడానికి ధైర్యం చాలలేదు. పెరట్లో, బావిగట్టు మీద, లోగొంతుతో అనుకునేవారు. హైమ వచ్చేది. ఒక్కడే చూసుకునేవారు.

బడులు తెరిచిన కొత్తలో ఒక సాయంత్రం వాన పట్టుకుంది. మాస్టారు గొడుగు లేక తడిసిపోయి, బురదలో చెప్పు తెగి, ఒక చెప్పు చేత్తో పట్టుకుని వచ్చారు. గేటు కొక్కెం తడికి జారి రాలేదు. అవస్థలో ఆలోచన లేకుండా నోరు తెరిచేశారు.

"అమ్మా, తలుపు!"

వాన చప్పుడు. ఎదురింటి అరుగు మీద కుక్క ఒళ్ళు విదిలించుకుంది.

"ఆఁ! వస్తున్నా, వస్తున్నా!"

లోపలినుంచి. వరహాలమ్మ గొంతే. కానీ ఆయనతో మాట్లాడే గొంతు కాదు. ఆ గొంతు మాస్టారు పక్కనుంచి వినడమే గాని, ఎప్పుడూ ఎదురుగా వినలేదు. స్కూలు రిక్షా దిగిన పిల్లకోసం వంటింట్లోంచి పరుగున వచ్చే గొంతు. తలుపు భళ్ళున తెరుచుకుంది. చేతికి పిండి, భుజాన తువ్వాలు. ఆమె వానలోకి రెండడుగులు వేసి కొక్కెం లాగింది. ముఖం వెలిగిపోతోంది.

చూపు ముందు ఆయన మోచెయ్యంత ఎత్తున ఎక్కడో వాలింది. అక్కడ ఎవరూ లేరు. మెల్లగా పైకి వచ్చి ఆయన ముఖం మీద ఆగింది. వెలుగు తగ్గలేదు. తెగిన చెప్పు ఆయన చేతిలోంచి తీసుకుంది.

"ఎంత తడిసిపోయావో చూడు," అంది. "కాళ్ళు కడుక్కుని రా."

పెళ్ళయిన నాటినుంచీ ఆమె ఆయన్ను మీరు అనే అంది. మాస్టారు పెదవి కదిపారు. సవరించలేదు. పెరట్లో కుళాయి దగ్గరకు వెళ్ళి, పంట్లాం మడిచి, పిల్లాడిలా వంగి, బురదంతా పోయేదాకా కాళ్ళు కడుక్కున్నారు.